నాలుగో దిక్కుకు పాతిక గడులు

‘తూర్పుకు వెళ్లు, పడమరకు వెళ్లు, దక్షిణానికి వెళ్లు. ఉత్తర దిక్కుకు మాత్రం వెళ్లకు’... జానపద కథల్లో రాజుగారు కొడుక్కి చెప్పే మాట ఇది. రాజకుమారుడు బుద్ధిగా ఆ మాట వింటే ఇక కథే లేదు. వద్దన్న దిక్కుకే గుర్రాన్ని తిప్పుతాడు. రాకాసి ఉండేది అక్కడే. చెరలో ఉన్న రాజకుమార్తె కనిపించేదీ అక్కడే.

చిత్రమేమిటంటే, ఇలాంటి కథలంటే ప్రాణం పెట్టే పాఠకులు మాత్రం నాలుగో దిక్కు జోలికి పెద్దగా వెళ్లరు. మాంత్రికులు, డ్రాగన్లు, మాయా ఉంగరాలు ఉండే ఫాంటసీ నవలల అభిమానిని ఎవరినైనా కదిపి చూడండి. పదేళ్ల కిందట నచ్చిన రచయిత పేరే చెబుతారు. అలమరలో అదే వరస పుస్తకాలు. అట్టలు నలిగిపోయినా మళ్లీ అవే. ఊహాలోకాల్లో తిరిగేవాళ్లకు కొత్త పుస్తకమంటే అంత బెరుకెందుకో!

ఆ బెరుకును వదిలించడానికి పాఠకులే కనిపెట్టుకున్న ఆట ‘రీడింగ్‌ ఛాలెంజ్‌’. తమతో తామే కాసుకునే పందెం. ఇన్ని పుస్తకాలు చదవాలని లెక్క పెట్టుకోవడం ఒక్కటే కాదు, ఎలాంటివి చదవాలో ముందే ఓ నియమం పెట్టుకోవడం ఇందులోని కిటుకు. వ్రతానికి నియమం ఉన్నట్టే దీనికీ ఉంటుంది.

తంబోలా లాంటిదే!

ఫాంటసీ అభిమానుల్లో బాగా పేరున్న పందెం ఒకటుంది. 2015 నుంచి ఏటా ఏప్రిల్‌ 1న కొత్త పట్టిక వస్తుంది. అడ్డంగా అయిదు, నిలువుగా అయిదు... మొత్తం 25 గడులు. చూడ్డానికి తంబోలా చీటీని తలపిస్తుంది. కాకపోతే గడుల్లో అంకెల బదులు సూచనలుంటాయి. ‘ఈ ఏడాదే అచ్చయిన పుస్తకం’, ‘నడివయసు వ్యక్తి ముఖ్యపాత్రగా ఉన్న నవల’, ‘అట్ట మాత్రమే చూసి ఎంచుకున్న పుస్తకం’, ‘అయిదు చిన్నకథలు’... ఇలా ఏడాదికో రకం. గడువు మరుసటి ఏడాది మార్చి 31. ఆలోగా ఒక్కో గడికి ఒక్కో పుస్తకం చదివి నింపాలి. ఓపికలేని వాళ్లు ఒక వరస నింపుకుని సంబరపడతారు. పట్టుదల ఉన్నవాళ్లు పాతికా నింపుతారు. డబ్బులు ఇచ్చేదీ లేదు, పుచ్చుకునేదీ లేదు.

ఇంతకన్నా చిన్న పందేలూ ఉన్నాయి. ‘ద లార్డ్‌ ఆఫ్‌ ద రింగ్స్‌’ రాసిన టోల్కీన్‌ అభిమానులకు మార్చి 25 పండగ రోజు. ఆ నవలలో దుష్టశక్తి సారాన్‌ కూలిపోయేది ఆ తేదీనే. బ్రిటన్‌లోని టోల్కీన్‌ సొసైటీ 2003 నుంచి ఆ రోజున ఆయన పుస్తకాలు చదివిస్తోంది. ఏటా ఓ అంశం ఇస్తారు. 2021లో ఆశ-ధైర్యం, 2022లో ప్రేమ-స్నేహం, 2023లో ప్రయాణం-సాహసం. పదిసార్లు చదివిన నవలే అయినా ‘ఇందులో స్నేహం ఎక్కడెక్కడుంది?’ అని వెతుక్కుంటూ చదివితే, అంతకుముందు కనిపించని పుటలు కనిపిస్తాయి.

పిల్లలకూ ఉంది. బ్రిటన్‌ గ్రంథాలయాల్లో 1999 నుంచి ఏటా వేసవి సెలవుల్లో చదువు పందెం జరుగుతోంది. సెలవుల్లో ఆరు పుస్తకాలు చదవడమన్నది దాని గుర్తు. దానికీ ఏటా ఓ అంశం. 2014లో అయితే పురాణాల్లోని వింత జీవులు! సెలవుల తర్వాత బడికొచ్చే పిల్లలు చదవడం మర్చిపోకూడదన్నది అక్కడి పెద్దల ఆలోచన.

ఒకరికి ఒక్కసారే...

పాతిక గడుల పందెంలో అసలు చిక్కు సూచనల్లో లేదు. ఓ చిన్న నియమంలో ఉంది. ఒక రచయిత పుస్తకం ఒక్క గడిలోనే వేయాలి. రెండోసారి వీల్లేదు. ఇదివరకు చదివిన పుస్తకాన్ని మళ్లీ చదివి నింపుకోవడానికీ ఒక్క గడికే అనుమతి.

ఫాంటసీ అభిమానికి ఇంతకన్నా పెద్ద పరీక్ష ఉండదు. ఎందుకంటే ఈ నవలలు ఒక్క పుస్తకంతో ముగిసే రకం కాదు. రాబర్ట్‌ జోర్డాన్‌ 1990లో మొదలుపెట్టిన ‘ద వీల్‌ ఆఫ్‌ టైమ్‌’ 14 సంపుటాలు. 2007లో ఆయన చనిపోతే చివరి భాగాలను బ్రాండన్‌ శాండర్సన్‌ పూర్తిచేసేసరికి 2013 వచ్చింది. టెర్రీ ప్రాచెట్‌ ‘డిస్క్‌వరల్డ్‌’ నవలలు ఏకంగా 41. ఒక్కసారి అలాంటి లోకంలో అడుగుపెట్టినవాళ్లు ఏళ్ల తరబడి బయటికి రారు. అందులో తప్పేమీ లేదు. కానీ అత్తారింటికీ పుట్టింటికీ తప్ప మరెక్కడికీ వెళ్లని వాళ్లకు దేశం ఎంతుందో ఎలా తెలుస్తుంది? ‘ఒకరికి ఒక్కసారే’ అన్న నియమం బలవంతంగా రైలెక్కిస్తుంది. పాతిక గడులంటే పాతికమంది రచయితలు మరి.

తెలిసిన కథ... ఓ ఊరట

ఈ నియమం ఓ మనిషికి ఏం చేస్తుందో తెలియాలంటే హైదరాబాద్‌లో ఓ ఆఫీసులో లెక్కలు చూసే 46 ఏళ్ల ఉద్యోగిని సంగతి చెప్పుకోవాలి. ఆమెది తెనాలి. చందమామ నడిపిన చక్రపాణి, ఆ పత్రికకు దశాబ్దాల పాటు కథలు దిద్దిన కొడవటిగంటి కుటుంబరావు పుట్టిన ఊరు. బడిపంతులైన నాన్న నెలనెలా చందమామ తెచ్చేవారు. రాత్రి భోజనాలయ్యాక చదివి వినిపించేవారు. దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’ లాంటి ధారావాహికలు, వాటికి చిత్రా గీసిన బొమ్మలు... ఆ ఇంట్లో అవే టీవీ.

కాలేజీలో చేరాక ఆంగ్ల నవలలు అలవాటయ్యాయి. టోల్కీన్‌ చేతికి చిక్కాడు. అంతే, ఏటా తొలకరి పడగానే ‘ద లార్డ్‌ ఆఫ్‌ ద రింగ్స్‌’ మూడు భాగాలూ చదవడం ఆమెకు ఆవకాయ పెట్టినంత ఆనవాయితీ అయిపోయింది.

నాలుగేళ్ల కిందట అమ్మ పోయింది. ఆ తర్వాత కొత్త పుస్తకం తెరవడం ఆమె వల్ల కాలేదు. కొని తెచ్చినవి ప్లాస్టిక్‌ కవరు కూడా తీయకుండా అలమరలో ఉండిపోయాయి. చదివినవే చదివేది. పాత నవలలో ఎవరు పోతారో, ఎవరు మిగులుతారో తెలుసు. ఏ పుటలో ఏడుపొస్తుందో కూడా తెలుసు. కొత్త నవలలో ఆ భరోసా ఉండదు కదా! ఇంట్లో ఎవరికీ ఇది జబ్బులా కనిపించలేదు. ‘హాయిగా చదువుకుంటోంది’ అనే అనుకున్నారు.

ఓ ఏప్రిల్‌ మొదట్లో ఆఫీసులోని స్నేహితురాలు పాతిక గడుల పట్టిక ఆమె చేతిలో పెట్టింది. ‘ఇద్దరం కలిసి చేద్దాం. నువ్వు లేకపోతే నేను రెండో నెల్లోనే వదిలేస్తాను’ అంది. లెక్కల మనిషి కాబట్టి ఆమె ముందు లెక్కే వేసింది. పుస్తకానికి సగటున 400 పేజీలనుకుంటే పాతిక పుస్తకాలకు 10,000 పేజీలు. రోజుకు 27 చొప్పున. మెట్రో ప్రయాణంలో సగం, పడుకునేముందు సగం. ‘ఆడిట్‌ పెట్టుకున్నట్టుందే’ అని భర్త నవ్వాడు. ఆమె ఓ గళ్ల నోటుపుస్తకం కొని, స్కేలుతో గీతలు గీసుకుంది.

ఎనిమిది ఏనుగులా, నాలుగా?

అట్ట చూసి ఎంచుకోవాల్సిన గడి కోసం ఓ ఆదివారం పదమూడేళ్ల కొడుకును వెంటబెట్టుకుని ఆబిడ్స్‌కు వెళ్లింది. దుకాణాలు మూసి ఉండే ఆ రోజున అక్కడి ఫుట్‌పాత్‌లన్నీ పాత పుస్తకాలతో నిండిపోతాయి. ‘నువ్వే ఎంచరా’ అంది. వాడు జాతరలా కిక్కిరిసిన బొమ్మ ఉన్న అట్ట ఒకటి లాగాడు. ప్రాచెట్‌ నవల. ‘నవ్వించే రచయితట, మనకెందుకులే’ అని ఇరవై ఏళ్లుగా ఆమె దాటేస్తూ వచ్చిన పేరు.

ప్రాచెట్‌ లోకం పళ్లెంలా బల్లపరుపుగా ఉంటుంది. దాన్ని నాలుగు ఏనుగులు మోస్తుంటాయి. ఆ ఏనుగులు ఓ మహా తాబేలు వీపు మీద నిల్చుంటాయి. ఇంటికొచ్చే దారిలో ఆ సంగతి చెబితే కొడుకు అడిగాడు, ‘అమ్మా, మనకి అష్టదిగ్గజాలు కదా. వాళ్లకి నాలుగే ఎందుకున్నాయ్‌?’

దానికి జవాబు ఆమె దగ్గర లేదు. కానీ ఫోన్లో తలదూర్చి ఉండే పిల్లాడు ఆదికూర్మం గురించీ, భూమిని మోసే ఏనుగుల గురించీ అరగంట మాట్లాడాడు. ఆ వారం రోజులూ రాత్రి ‘ఎంతవరకు వచ్చింది?’ అని వచ్చి పక్కన కూర్చునేవాడు. ఆ గడి నిండేసరికి నోటుపుస్తకంలో ఓ టిక్కు పడింది. ఆ అరగంటలకు మాత్రం గడి లేదు.

పలుచని పుస్తకం, బరువైన మాట

పందెం అన్నాక దొడ్డిదారులూ ఉంటాయి. అందరూ తొక్కే దారి, సన్నని పుస్తకాలు వెతుక్కోవడం. స్నేహితురాళ్లిద్దరికీ అలా దొరికిందే రుఖయా సఖావత్‌ హుస్సేన్‌ రాసిన ‘సుల్తానాస్‌ డ్రీమ్‌’. పట్టుమని పాతిక పేజీలుండదు. 1905లో మద్రాసు నుంచి వెలువడే ‘ఇండియన్‌ లేడీస్‌ మ్యాగజైన్‌’లో అచ్చయింది. ఓ బెంగాలీ ముస్లిం మహిళ ఆంగ్లంలో రాసిన కథ. అందులోని దేశాన్ని ఆడవాళ్లు ఏలుతుంటారు. మగవాళ్లు పరదా చాటున ఇంటిపనులు చూసుకుంటారు. సూర్యుడి వేడితో వంటలు, ఆకాశంలో ఎగిరే బండ్లు! 120 ఏళ్ల కిందటి కథ ఇదంటే నమ్మడం కష్టం. సులువుగా అయిపోతుందని మొదలుపెట్టిన ఆ కొద్ది పేజీల గురించి ఇద్దరూ వారంపాటు మధ్యాహ్నం డబ్బాలు విప్పుకున్నప్పుడల్లా మాట్లాడుకున్నారు.

‘1900కు ముందు వచ్చిన పుస్తకం’ అన్న గడికి దేవకీనందన్‌ ఖత్రీ ‘చంద్రకాంత’ దొరికింది. 1888 నాటి హిందీ నవల. దూరదర్శన్‌లో 1994లో మొదలైన ధారావాహిక పుణ్యమా అని పేరు చాలామందికి తెలుసు. పుస్తకం చదివినవాళ్లు తక్కువ. మారువేషాల్లో ఆరితేరిన ‘ఐయార్‌’లు, మూలికలతో స్పృహ తప్పించడాలు, తాళాలూ తలుపులతో చిక్కుముళ్లుగా ఉండే తిలిస్మీ కోటలు... బడిలో నేర్చుకున్న హిందీతో చదవడానికి ఆమెకు నెల పట్టింది. ఆ నవలను చదవడం కోసమే ఆ రోజుల్లో ఎంతోమంది హిందీ నేర్చుకున్నారని చెబుతారు. చదివాక అందులో అతిశయోక్తి ఉందనిపించలేదామెకు.

అన్నీ నచ్చాయని కాదు. పేరుమోసిన రచయిత రాసిన ఓ నవలలో నూరు పేజీల్లో నలభై హత్యలు జరిగేసరికి పక్కన పడేసింది. మరోదాంట్లో ప్రేమికులిద్దరూ మూడొందల పేజీల పాటు అలుగుతూనే ఉన్నారు. నచ్చనిదాన్ని వదిలేసి అదే గడికి ఇంకో పుస్తకం వెతుక్కోవచ్చు. అదీ ఓ సౌకర్యమే.

నలభై దాటిన కథానాయిక

నడివయసు పాత్ర ఉన్న నవల కోసం చాలా వెతకాల్సి వచ్చింది. ఫాంటసీలో వీరులంతా పదిహేడు, పద్దెనిమిదేళ్ల వాళ్లే. నడివయసు వాళ్లంటే ఒకరో ఇద్దరో మంత్రగాళ్లు. ఆడవాళ్లయితే రాణో మంత్రగత్తో! చివరికి ఆమె అలమరలోనే ఉన్న ‘తెహానూ’ దొరికింది. అమెరికా రచయిత్రి అర్సలా లెగ్విన్‌ 1990లో రాసింది.

లెగ్విన్‌ 1968లో మొదలుపెట్టిన ‘ఎర్త్‌సీ’ కథల్లో ఇది నాలుగోది. మొదటి మూడూ మహా మాంత్రికుడైన గెడ్‌ సాహసాల చుట్టూ తిరుగుతాయి. ఆ గెడ్‌ చామనఛాయ మనిషి. పాశ్చాత్య ఫాంటసీలో అలాంటి కథానాయకుడు ఆ రోజుల్లో అరుదు. మూడో పుస్తకానికీ నాలుగోదానికీ మధ్య 18 ఏళ్లు గడిచాయి. ఈసారి కథ గెడ్‌ది కాదు, టెనార్‌ది. రెండో పుస్తకంలో చీకటి సమాధుల పూజారిణిగా ఉన్న చిన్నపిల్ల ఇప్పుడు రైతు భార్య, పిల్లలు పెద్దవాళ్లయిన వితంతువు. కాలిన గాయాలతో ఎవరికీ అక్కర్లేకుండా పోయిన ఓ పసిదాన్ని తెచ్చుకుని పెంచుతుంటుంది. గెడ్‌ తిరిగొస్తాడు. కానీ మంత్రశక్తినంతా ఖర్చుపెట్టేసి, మామూలు మనిషిగా.

పాతికేళ్ల వయసులో ఆమె ఈ పుస్తకాన్ని యాభై పేజీలు చదివి మూసేసింది. ‘మేకలు కాయడం, గిన్నెలు తోమడం... ఇందులో మాయలెక్కడున్నాయ్‌?’ అనిపించింది. ఇప్పుడు మూడు రాత్రుల్లో పూర్తిచేసింది. శక్తులన్నీ పోయాక కూడా మనిషి బతకాలి, అన్నం వండాలి, ఓ పిల్లను దగ్గరికి తీసుకోవాలి. అది సాహసం కాకపోతే మరేది? పుస్తకం మార్పు లేకుండా అలమరలోనే ఉంది. మారింది ఆమె. ఆ సంగతి ఆమెకు తెలియడానికి ఓ గడి కావాల్సి వచ్చింది.

అంకెల జబ్బు

ఇలాంటి పందేల్లో దిగినవాళ్లకు ఏడాది మధ్యలో ఓ దశ వస్తుంది. చదవడం వెనక్కి పోయి, లెక్క ముందుకొస్తుంది. ‘ఇంకా పదకొండున్నాయి, నాలుగు నెలలే ఉన్నాయి’ అన్న గాభరా మొదలవుతుంది. వర్ణనలు దాటేస్తారు. సంభాషణలు మాత్రం చూస్తారు. ఆరొందల పేజీల నవల రెండు రోజుల్లో అవుతుంది. పది రోజుల తర్వాత అందులోని నాయకుడి పేరు అడిగితే బుర్ర గోక్కుంటారు. తీర్థయాత్రల బస్సులో వెళ్లి ‘పది రోజుల్లో పద్దెనిమిది క్షేత్రాలు చూశాం’ అని చెప్పుకోవడం లాంటిదే ఇదీ. ఏ గుడిలో ఏ దేవుడున్నాడో గుర్తుండదు.

పందేలను తప్పుపట్టేవాళ్లు చెప్పేదీ ఇదే. అందులో నిజం లేకపోలేదు. అయితే అంకెలో దోషం లేదు. అంకె కోసమే చదివితే దోషం. తాళం చెవి తలుపు తీయడానికే. తీశాక కూడా దాన్నే చూస్తూ గుమ్మంలో నిలబడితే లోపలేముందో తెలిసేదెప్పుడు? డిసెంబరులో స్నేహితురాళ్లిద్దరూ ఓ ఒప్పందానికొచ్చారు. పుస్తకం పూర్తయ్యాక దాని గురించి పది నిమిషాలు మాట్లాడగలిగితేనే టిక్కు. లేకపోతే గడి ఖాళీ. దాంతో వేగం తగ్గింది, మాటలు పెరిగాయి.

ఇంట్లోనే ఆడుకోవచ్చు

ఈ ఆటకు పాతిక గడులే ఉండాలని లేదు. ఆంగ్లమే కావాలనీ లేదు. వేసవి సెలవుల్లో పిల్లలకు తొమ్మిది గడుల పట్టిక గీసిస్తే చాలు. ‘మాట్లాడే జంతువులున్న కథ’, ‘తాతయ్య చెప్పిన కథ’, ‘మాంత్రికుడున్న కథ’, ‘వేరే రాష్ట్రం కథ’, ‘అక్క ఎంచిన పుస్తకం’... సూచనలు రాయడంలోనే సగం సరదా ఉంది. పంచతంత్రం, బేతాళ కథలు, సోమదేవుడి కథాసరిత్సాగరం తెలుగులో దొరుకుతాయి. ప్రతిసారీ కొనాల్సిన పనిలేదు. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నాం. ఊళ్లోని శాఖా గ్రంథాలయం గడప తొక్కితే ఆ డబ్బుకు న్యాయం జరుగుతుంది. వేసవి కుదరకపోతే ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాలు ఉండనే ఉన్నాయి. ఆ వారం రోజులకు మూడు గడులు చాలు.

ఒక్క జాగ్రత్త. పిల్లల పట్టికలో కనీసం ఓ గడి పెద్దవాళ్లతో కలిసి చదివేదై ఉండాలి. ఎందుకో ఆ తెనాలి ఆడపడుచు ఇరవై నాలుగో గడి నింపాక తెలిసింది.

ఏ మజిలీలో ఆపాం?

మిగిలిన ఒక్క గడి ‘మీ ఇంటి పెద్దలకు ఇష్టమైన పాత పుస్తకం’. ఫిబ్రవరిలో ఆమె తెనాలికి ఫోన్‌ చేసి నాన్నను అడిగింది. ఆయనకు 79 ఏళ్లు. నీటికాసులు వచ్చి చూపు చాలావరకు పోయింది. పేపరు కూడా పక్కింటి కుర్రాడు చదివి వినిపిస్తే వినాలి. ‘కాశీమజిలీ కథలమ్మా’ అన్నారాయన వెంటనే.

మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన పన్నెండు సంపుటాల కథలవి. కాశీకి నడిచి వెళ్లే యతి, ఆయన వెంట ఓ పశువుల కాపరి కుర్రాడు. ఆగిన ప్రతిచోటా కుర్రాడు ఏదో ఓ వింత చూసి అడుగుతాడు. యతి దాని కథ చెబుతాడు. కథ వింటేగానీ ఆ కుర్రాడికి కాలు కదలదు. ‘పాతాళభైరవి’ సినిమాకు మూలం ఈ కథల్లోనే ఉందంటారు. ‘పాతాళభైరవి’ని పాతికసార్లు చూసిన ఆమె, ఆ కథల పుస్తకాన్ని మాత్రం ఎప్పుడూ తెరవలేదు.

మొదటి సంపుటం తెచ్చుకుంది. రెండు పేజీలకే ఆయాసం వచ్చింది. గ్రాంథికం. వాక్యం మొదలైతే ఎక్కడ ముగుస్తుందో తెలియదు. టోల్కీన్‌ కల్పించిన ఎల్ఫ్‌ల భాషలో మాటలు తెలిసిన మనిషికి, తాతల నాటి తెలుగు కొరుకుడు పడలేదు. మళ్లీ నాన్నకే ఫోన్‌ చేసింది. ‘బయటికి చదువు, నేను చెబుతా’ అన్నారాయన.

అలా మొదలైంది. రోజూ రాత్రి తొమ్మిదింటికి ఆమె చదువుతుంది. ఆయన ఫోన్లో వింటారు. ‘అరుదెంచి అంటే వచ్చి’, ‘అక్కడ ఆపకూడదు, ఆ ముక్క తర్వాతి వాక్యంతో కలుస్తుంది’ అంటూ సరిదిద్దుతారు. చిన్నప్పుడు చందమామ చదివి వినిపించిన గొంతు ఇప్పుడు వింటోంది. విన్న పిల్ల చదువుతోంది. వారం తిరిగేసరికి వాక్యాలు వాటంతటవే విరగడం మొదలుపెట్టాయి. మనవడు కూడా స్పీకర్‌ దగ్గరికి జరిగాడు.

ఓ రాత్రి కథ మధ్యలో నాన్న ఆపమన్నారు. ‘ఇది మీ అమ్మకి చాలా ఇష్టం. పెళ్లయిన కొత్తలో నాచేత రెండుసార్లు చదివించుకుంది’ అన్నారు. అమ్మ పోయాక తండ్రీకూతుళ్లిద్దరూ ఆవిడ గురించి మాట్లాడుకోవడం అదే మొదలు. అంతకుముందు ఎవరు ఆ మాట ఎత్తినా రెండోవాళ్లు మందుల సంగతో వానల సంగతో తెచ్చేవాళ్లు. ఆ రాత్రి పుస్తకం ముందుకు కదల్లేదు. అమ్మ కథే గంటసేపు సాగింది.

మార్చి 31 వచ్చింది. స్నేహితురాలు పందొమ్మిది గడుల దగ్గర ఆగింది. ఆమె పట్టికలో ఇరవై నాలుగు టిక్కులున్నాయి. కాశీమజిలీ మొదటి సంపుటం ఇంకా సగంలోనే ఉంది. ‘ఈ రెండు రోజులూ గబగబా చదివేసి ఉంటే పాతికా అయ్యేవి కదమ్మా’ అన్నాడు కొడుకు. గబగబా చదివే పుస్తకం కాదది. చదివేది ఆమె ఒక్కతే కూడా కాదు. ఆ గడిని ఖాళీగా ఉంచేసి నోటుపుస్తకం మూసింది.

మర్నాడు కొత్త పట్టిక వచ్చింది. ప్లాస్టిక్‌ కవరు తీయని పుస్తకాలు అలమరలో ఇప్పుడు రెండే మిగిలాయి. వాటిలో ఏది ఏ గడిలో సరిపోతుందా అని ఆమె చూస్తుండగానే తొమ్మిదైంది. తెనాలి నుంచి ఫోన్‌.

‘ఏ మజిలీలో ఆపాం?’